చెట్టు చెవులు, బాపు దగ్గు

జనవరి 6, సోమవారం

జైపాల్ సార్ ఇవాళ కొత్త మాట పట్టుకున్నాడు. హెర్బేరియం "గ్రాండ్‌గా ఉండాలె" అట. ఇన్నేళ్ళుగా డిగ్రీ కాలేజీలో బోటనీ చెప్తూ జీతం తీసుకున్న మనిషి. హెర్బేరియం అంటే ఎండబెట్టిన నమూనాలకు పేరూ ఊరూ రాసి దాచే చోటని తెలియదు. ఫంక్షన్ హాలనుకుంటున్నాడు. మార్చిలో తనిఖీ కమిటీ వస్తుంది కాబట్టి నన్ను ప్రాజెక్టు అసిస్టెంటుగా పెట్టుకున్నారు. కమిటీ అటు వెళ్ళగానే నన్ను ఇటు పంపేస్తారు. ఆ సంగతి ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. ఇద్దరం తెలియనట్టు టీ తాగుతాం.

నా పని చెట్ల మొద్దులకు అరల్లా అతుక్కుని పెరిగే గట్టి పుట్టగొడుగులను సేకరించడం. మా కాలనీలో వాటిని చెట్టు చెవులు అంటారు. ఉలీ సుత్తీ పెట్టి ఊడదీయాలి. తాజా రంగు అక్కడికక్కడే రాసుకోవాలి. అడుగున ఉండే సన్నని రంధ్రాలు లెన్సులో చూడాలి. ఆరబెట్టాలి, పురుగు చావడానికి ఫ్రీజర్లో పెట్టాలి, ప్యాకెట్ కట్టి చీటీ రాయాలి. ఫ్రీజర్ మా ఇంటిదే. కాలేజీ ఫ్రిజ్‌లో సార్లు పెరుగు పెట్టుకుంటారు.

ఇంటికొచ్చేసరికి క్వార్టర్ వరండాలో నాటకం మొదలైంది. దర్శకుడు పక్క క్వార్టర్ లింగమూర్తి కాక. హీరో మా బాపు అంద్రెయ.

"గట్ల గాదు అంద్రెయా. గొంతులకెళ్ళి దగ్గితే డాక్టర్లు దొరకవడ్తరు. కడుపులకెళ్ళి రావాలె. మెట్లు ఎక్కంగ నడుమ ఆగాలె. ఆగి, గోడ పట్టుకోవాలె. ఇగో, నన్ను చూడు."

గోదావరిఖనిలో పిల్లలు పుట్టగానే ఈ చదువు మొదలవుతుంది. గనిలో పనిచేసే మనిషిని మెడికల్ బోర్డు అన్‌ఫిట్ అంటే ఆయన ఉద్యోగం ఇంట్లో ఒకరికి వస్తుంది. అందుకని నిక్షేపంలాంటి మనుషులు రోగం నేర్చుకుంటారు. లింగమూర్తి కాక నడుము నొప్పితో అన్‌ఫిట్ అయ్యాడు. ఇప్పుడు రోజూ పొద్దున గ్రౌండులో షటిల్ ఆడుతున్నాడు, స్మాష్ కొడితే కాక్ కనబడదు. ఆయన కొడుకు డ్యూటీకి పోతున్నాడు. కాలనీలో కాకకు హెడ్మాస్టరంత గౌరవం.

బాపు దగ్గాడు. బాగా దగ్గాడు, ఒప్పుకోవాలి. కాక చప్పట్లు కొట్టాడు. అమ్మ టీ గ్లాసులతో గుమ్మంలో నిలబడి నవ్వి నవ్వి కొంగుతో కళ్ళు తుడుచుకుంది. నాకు ఒళ్ళు మండింది. ఆ ఉద్యోగం ఎవరి కోసమో తెలిసి ఇంకా మండింది. ఈ ఇంట్లో పిల్లలంటే నేనొక్కదాన్నే.

జనవరి 9, గురువారం

నస్పూర్ వెళ్ళాను. రోడ్డు పక్కన నిద్రగన్నేరు చెట్లకు మంచి ఫెల్లినస్ రకం చెవులు ఉన్నాయని పోయినసారి చూసి పెట్టుకున్నాను. వెళ్ళేసరికి ఎవరో మహానుభావులు వాటన్నిటినీ గీకేసి, మొదళ్ళకు సున్నం కొట్టి, పైన ఎర్రమన్ను పట్టీ వేశారు. ఎవరో పెద్దమనిషి ఆ దారిన వస్తున్నాడట. చెట్లు ఆరోగ్యంగా కనబడాలట.

సున్నం డబ్బా పట్టుకున్న ఆయన్ని అడిగాను, ఎందుకు గీకారని.

"చెట్టుకు గజ్జి లేసినట్టు కొడుతున్నది మేడం. సాఫ్ చేసినం. ఇప్పుడు మంచిగైంది."

మంచిగైందట! చెవి పైకి కనబడిందంటే లోపల కర్ర ఎన్నో ఏళ్ళుగా మెత్తబడుతూ ఉన్నట్టు. రోగం ఎప్పుడో వచ్చింది, చెవి దాని చివరి కబురు. కబురు తెచ్చినవాణ్ణి గెంటేసి, ఇంట్లో అంతా క్షేమం అనుకునే తెలివితేటలు వీళ్ళవి. గాలివానకు ఆ చెట్టు వీళ్ళ బండి మీదే పడాలి. పడ్డాక మళ్ళీ నన్నే అడుగుతారు, మంచిగున్న చెట్టు ఎట్ల పడిందని.

కింద రాలిన ముక్కలు ఏరుకుని వచ్చాను. అన్నిటికీ సున్నం అంటింది. పనికిరావు.

జనవరి 12, ఆదివారం

చర్చిలో పాట మధ్యలో బాపు కూర్చుండిపోయాడు. అందరూ నిలబడి పాడుతుంటే ఆయన బెంచీ అంచు పట్టుకుని, తల వంచుకుని, నోటికి రుమాలు అడ్డం పెట్టుకుని. దేవుడు కూడా బోర్డు మెంబరే అనుకున్నట్టున్నాడు.

పాస్టరమ్మ బయటికొచ్చాక "అంద్రెయ అన్నకు పానం బాగలేదా?" అని అడిగితే అమ్మ కన్ను గీటి "రిహార్సల్" అంది. ఇద్దరూ నవ్వారు. పరిశుద్ధులే పరిశుద్ధులు.

జనవరి 13, సోమవారం

పప్పు గడ్డిలా ఉంది. అమ్మ పోపులో ఎండుమిరపకాయ వేయడం మానేసింది. ఎందుకంటే "మర్చిపోయిన" అంటుంది. రోజూ మర్చిపోతుందట. ఈ ఇంట్లో ఇప్పుడు వంటకి కూడా దిక్కులేదు.

జనవరి 20, సోమవారం

గొడవ. రాయకూడదనుకున్నాను. రాయకపోతే నిద్ర పట్టేలా లేదు.

అన్నం దగ్గర బాపు మొదలుపెట్టాడు. "బిడ్డా, మే నెలల నీకు నౌకరి వయసు దాటుతది. గప్పటి లోపల బోర్డు అయిపోవాలె. నువ్వు ఒక్కసారి అప్లికేషన్ మీద సంతకం పెట్టి ఉంచు."

"నేను చేయనని ఎన్నిసార్లు చెప్పాలి? నీ యాక్టింగ్‌తో వచ్చే ఉద్యోగం నాకొద్దు."

"మరి కాలేజీల ఎన్ని దినాలు ఉంటవ్?"

"నా బాధ నేను పడతాను."

"పర్మినెంటు అంటే ఏందో నీకు ఎర్కలేదు బిడ్డా" అన్నాడు. ఆయన లెక్కలో లోకంలో జాతులు రెండే, పర్మినెంటూ టెంపరరీ. నేను రెండో జాతి. ఎమ్మెస్సీ చదివిన రెండో జాతి.

"దొంగ దగ్గు దగ్గి బిడ్డను బతికించానని చర్చిలో సాక్ష్యం కూడా చెప్పు" అన్నాను.

అమ్మ "కెరోలిన్!" అని కేకేసింది. బాపు అన్నం సగంలో వదిలి చెయ్యి కడుక్కున్నాడు. ఈ మధ్య రోజూ సగంలోనే వదులుతున్నాడు. సన్నబడితే బోర్డులో పనికొస్తుందని కాక చెప్పి ఉంటాడు.

అన్నదాంట్లో తప్పేం లేదు. నిజమే అన్నాను.

జనవరి 28, మంగళవారం

బాపు మొదటి షిఫ్టు నుంచి వచ్చి, టిఫిన్ గిన్నె నా ముందు పెట్టాడు. మొహం వెలిగిపోతోంది.

"తియ్యి."

తీశాను. లోపల తెల్లగా, వంకర్లు తిరిగి, మనిషి వేళ్ళలాగా ఏదో ఉంది. కొసలు పాలరంగు, మొదలు గోధుమ రంగు. కింద కుళ్ళిన దుంగ చెక్క అతుక్కుని ఉంది.

"నీ చెట్టు చెవి. గనిల పాత పనులు నడిచిన దిక్కు కర్ర దుంగలు ఇంక కొన్ని నిలబడే ఉన్నయ్. ఒకదానికి లేసింది. పగలకుంట తెచ్చిన. చూడు, వేలు గూడ ఇరగలే."

గని లోపల వెలుతురు ఉండదు కాబట్టి దీనికి గొడుగు విచ్చుకోవడం రాదు. ఎటు పోవాలో తెలియక ఇలా వేళ్ళు చాపుకుంటూ పోతుంది. టోపీ లేదు, రంధ్రాలు లేవు, పోల్చుకోవడానికి ఒక్క గుర్తు లేదు. పుస్తకాల్లో బొమ్మ చూశాను తప్ప చేత్తో పట్టుకోవడం ఇదే మొదలు. అయినా దీనికి నేనేం పేరు రాయను? అంద్రెయా ఫంగస్ అని రాయనా?

"ఇది పనికిరాదు బాపూ. పేరు పెట్టలేం."

"పనికిరాదా?"

"రాదు."

"ఓ" అన్నాడు. "నేను గొప్ప చీజ్ దొరికిందనుకున్న."

పనికిరానివి వేసే అట్టపెట్టెలో పడేశాను. ఆయన నల్లా దగ్గర గిన్నె కడుగుతూ చాలాసేపు ఉండిపోయాడు. ఒక చేత్తో గోడ పట్టుకుని వంగి దగ్గుతున్నాడు. చూసేవాళ్ళెవరూ లేరు అక్కడ. నేను కిటికీలోంచి చూస్తున్నానని గమనించే ఉంటాడు. లేకపోతే ఎవరూ లేనిచోట ఎవరైనా అంత కష్టపడతారా?

ఫిబ్రవరి 5, బుధవారం

మందమర్రి స్టేషన్ దగ్గర వేప మొదట్లో గానోడెర్మా రకం చెవి దొరికింది. పళ్ళెమంత, ఎర్రగా, లక్క పూసినట్టు. ఈ నెల మొత్తానికి నన్ను బాధ పెట్టని జీవి ఇదొక్కటే.

ఫిబ్రవరి 11, మంగళవారం

బాపు కుర్చీలో కూర్చుని నిద్రపోతున్నాడు. నాలుగైదు రోజులుగా పొద్దున లేచేసరికి ఇదే. మంచం మీద పడుకోవట్లేదేంటని అడిగితే "ఇట్లనే మంచిగున్నది" అన్నాడు. నిద్ర లేని కళ్ళు చూస్తే డాక్టర్లకు నమ్మకం కలుగుతుందని కాక సిద్ధాంతం. పాత్రలో జీవించడం అంటే ఇదే కాబోలు.

అమ్మ తన దిండు కూడా ఆయన వీపు వెనక పెట్టింది. ఆవిడకు సహాయ నటి పాత్ర.

ఫిబ్రవరి 17, సోమవారం

చంపేయాలనిపించింది. అబద్ధం కాదు, నిజంగానే.

ల్యాబులో అడుగుపెట్టగానే వార్నిష్ వాసన. టేబుళ్ళ మీద నా నమూనాలన్నీ వరుసగా పేర్చి ఉన్నాయి. పెళ్ళిలో చెక్క బొమ్మల్లా మెరుస్తున్నాయి. జైపాల్ సార్ చేతిలో బ్రష్.

"చూడు కెరోలిన్, ఎట్ల మెరుస్తున్నయో! అటెండర్ పెడుతనంటే నేనే వద్దన్న, నా చేతులతోటి పెట్టిన. రెండు కోట్లు పడ్డయ్. కమిటోళ్ళు ఎప్పుడూ చూసి ఉండరు."

నిజమే, ఎవరూ చూసి ఉండరు. ఇలాంటి పని ఎవరూ చేసి ఉండరు కాబట్టి. ఉపరితలం పోయింది, రంగు పోయింది, రంధ్రాలన్నీ వార్నిష్‌తో మూసుకుపోయాయి. రేపు ఎవరైనా వీటిని లెన్సు కింద పెడితే నున్నటి గాజు కనబడుతుంది. నస్పూర్, మందమర్రి, పెద్దపల్లి రోడ్డు, మట్టి గుట్టల మీద సుబాబుల్ తోటలు, ఎండలో ఉలి పట్టుకుని తిరిగిన తిరుగుడంతా ఇప్పుడు షోకేసు సామాను.

"సార్, ఇవి పాడైపోయాయి" అన్నాను.

"పాడెట్లైతయ్? ఇంక నూరేండ్లు ఉంటయ్."

"రంధ్రాలు చూడకుండా ఇది ఏ జాతో ఎలా చెప్తారు?"

"నువ్వు చీటీ రాసినవ్ గదా. చీటీ చదువుకుంటరు" అన్నాడు. మనిషి మొహంలో ఒక్క గీత కదల్లేదు. నిజాయితీగా అడుగుతున్నాడు. అంతకన్నా ఘోరం ఇంకేముంటుంది?

ఇంటికొచ్చి అమ్మతో చెప్పుకుందామనుకున్నాను. ఇంట్లో ఎవరూ లేరు. బాపును తీసుకుని దవాఖానకు వెళ్ళిందట. బోర్డుకు ముందు చీటీలు కూడబెట్టుకోవాలి కదా. మా ఊళ్ళో అందరికీ చీటీ ఉంటే చాలు.

ఫిబ్రవరి 24, సోమవారం

ఇవాళ బోర్డు. లింగమూర్తి కాక, బాపు చీకటితో బస్సెక్కి కొత్తగూడెం వెళ్ళారు. సాయంత్రం కాక ఒక్కడే ముందు ఇంట్లోకి దూకాడు.

"వదినె! మీ ఆయనకు అవార్డు ఇయ్యాలె! మెట్లు ఎక్కంగ నేను చెప్పకముందే ఆగిండు. పెదవులు నీలం గట్ల ఎట్ల చేసిండో నాకే సమజ్ కాలే. డాక్టర్ సాబ్ మొఖం మాడిపోయింది. జల్ది హైదరాబాద్ పోయి స్కానింగ్ తీపిచ్చుకొని రమ్మని రాసిచ్చిండు."

"స్కానింగ్‌లో దొరికిపోడా?" అన్నాను.

"నీ తలకాయ. ఇన్నేండ్లు బొగ్గుల పనిచేసినోని ఛాతిల ఏదన్నొక మచ్చ ఉండనే ఉంటది. గది చాలు."

బాపు వెనకాల మెల్లగా వచ్చి గద్దె మీద కూర్చున్నాడు. నన్ను చూసి నవ్వాడు. నేను నవ్వలేదు.

మార్చి 6, గురువారం

కమిటీ వచ్చింది, వెళ్ళింది. హెర్బేరియంలో టీ చల్లారేంతసేపు కూడా లేరు. ఒకాయన మందమర్రి గానోడెర్మాను రెండు చేతుల్తో ఎత్తిపట్టుకుని సెల్ఫీ దిగాడు. ఇంకొకావిడ "ఇది కూర వండుకోవచ్చా?" అని అడిగింది. మూడో ఆయన ఏసీ ఎందుకు లేదని అడిగాడు. జైపాల్ సార్ ప్రతి ప్రశ్నకూ పొంగిపోయాడు. "గ్రాండ్ సక్సెస్" అని నాకు మైసూర్ పాక్ పెట్టాడు.

నెలాఖరుకు తాళాలు అప్పగించాలి. అనుకున్నదే.

మార్చి 10, సోమవారం

వచ్చేసింది. హైదరాబాద్ స్కానింగ్ చూసి బోర్డు తేల్చేసింది. అన్‌ఫిట్.

కాలనీ సగం మా వరండాలో ఉంది. లింగమూర్తి కాక స్వీట్ బాక్సులు తెప్పించాడు. సొంత కొడుక్కు వచ్చినప్పుడు కూడా అంత హడావుడి చేయలేదు. "అంద్రెయా, నా దగ్గర నేర్చుకున్నోళ్ళల్ల నువ్వే నంబర్ వన్" అంటూ అందరికీ దగ్గి చూపిస్తున్నాడు. అమ్మ అందరికీ నీళ్ళిస్తూ నవ్వుతోంది. బాపు కూడా నవ్వబోయాడు, నవ్వు దగ్గయింది, దగ్గు ఆగలేదు. అందరూ ఇంకా గట్టిగా నవ్వారు.

నేను తట్టుకోలేక లోపలికి వచ్చేశాను. కాసేపటికి ఆయన మంచినీళ్ళ కోసం వంటింట్లోకి వచ్చాడు. ఇంకా దగ్గుతూనే ఉన్నాడు. ఒళ్ళంతా ఊగిపోతోంది.

"ఇగ బందు చెయ్యి బాపూ" అన్నాను. "బోర్డు అయిపోయింది. ఇంకా ఎవరికి చూపిస్తున్నవ్?"

ఆయన గ్లాసు పెట్టేసి, గట్టు పట్టుకుని, నా వైపు తిరిగాడు. ఊపిరి అందేదాకా ఆగి అన్నాడు.

"బందు చేద్దామనే చూస్తున్న బిడ్డా. అయితలేదు."

మార్చి 11

ఏమీ రాయలేను.

మార్చి 12, బుధవారం

బాపును స్కూటీ మీద గోదావరి బ్రిడ్జి దాకా తీసుకెళ్ళాను. ఇంట్లో మాట్లాడటానికి కుదరదు. గట్టు మీద కూర్చోబెట్టి, నిజం చెప్పమన్నాను. చెప్పాడు. ఏదో మార్కెట్ ధరలు చెప్పినట్టు చెప్పాడు.

పోయిన వానాకాలమే తెలుసట. పెద్దపల్లిలో ఒక డాక్టరు ఛాతీ ఫోటో తీసి చూపించాడట. ఊపిరితిత్తులు గట్టిపడ్డాయి. మందులు డ్యూటీ బట్టల డబ్బాలో దాచుకుని వాడుతున్నాడు. "రోగం నడుసుడు మెల్లగ చేస్తరట గని, ఎనుకకు తేలేరట."

"మరి లింగమూర్తి కాక దగ్గర నేర్చుకోవడమేంటి?"

"నేనేడ నేర్చుకున్న? దగ్గు వస్తే ఆయిన వచ్చి నిలబడ్డడు. 'గిప్పటిసంది షురూ చేసినవా, మంచిగున్నది, ఇంక జర లోపల్నించి రానీ' అన్నడు. మీ అమ్మ నవ్వింది. సరే, గదే మంచిగున్నది అనుకున్న."

"ఏం మంచిగుంది?"

"నవ్వుడు. మన ఇంట్ల గంతగనం నవ్వుడు ఎప్పుడున్నది చెప్పు? నిజం చెప్తే మీ అమ్మ అన్నం ముట్టదు. యాక్టింగ్ అంటే టీ పెట్టిచ్చి చూసుకుంట కూసుంటది. నాకు గూడ సులువైంది. దగ్గొస్తే దాసుకునే పని లేకపాయె."

నేను ఆయనది దొంగ దగ్గు అన్న రోజు గుర్తుందా అని అడగబోయాను. అడగలేకపోయాను. సిగ్గు కోపంగా మారి, "నాకైనా చెప్పొద్దా, నేనేం చిన్నపిల్లనా?" అని గట్టుమీద అందరూ చూస్తుండగా అరిచాను. ఎన్నెన్ని మాటలన్నాను ఈయన్ని! ఒక్కటి కూడా వెనక్కి తీసుకోలేను.

"నువ్వు తిడుతాంటే నాకు నమ్మకం కుదిరింది బిడ్డా. నువ్వే యాక్టింగ్ అనుకుంటే ఇగ ఊరంత అనుకుంటది" అన్నాడు. మళ్ళీ ఏదో గుర్తొచ్చినట్టు నా చెయ్యి పట్టుకున్నాడు. "మీ అమ్మకు తెల్వదు. ఈస్టర్ దాంక చెప్పకు. పండుగ మంచిగ చేసుకోనీ. నువ్వు ఎట్ల తిడుతున్నవో గట్లనే తిట్టు. ఒక్కసారి ఊకున్నవంటే ఆమెకు ఎర్కైతది."

మార్చి 14, శుక్రవారం

అప్లికేషన్ మీద సంతకం పెట్టాను. కోడి గీకినట్టు పడింది.

"సంతకం మంచిగ పెట్టు, రేపు జీతం దానిమీదనే వస్తది" అన్నాడు బాపు.

"నీ సంతకం ఏమన్నా కలెక్టర్ సంతకమా?" అని గట్టిగా అన్నాను, అమ్మకు వినబడేలా. ఆయన మీసం కింద నవ్వుకున్నాడు.

మార్చి 29, శనివారం

తాళాలు అప్పగించడానికి కాలేజీకి వెళ్ళాను. షోకేసులో వార్నిష్ సరుకంతా తళతళలాడుతోంది. ఇంటి నుంచి తెచ్చి టేబుల్ కింద పడేసిన పనికిరానివాటి అట్టపెట్టె అలాగే ఉంది. అటెండర్ పారేయడం కూడా మర్చిపోయాడు, వాళ్ళ బద్ధకానికి మొదటిసారి దండం పెట్టుకున్నాను.

బాపు గనిలోంచి తెచ్చినదాని వేళ్ళు విరగలేదు. బాగా ఆరిపోయి, కొసలు పసుపు తిరిగాయి. హెర్బేరియం మొత్తంలో వార్నిష్ అంటని నమూనా ఇదొక్కటే. ప్యాకెట్ మడిచాను, దూదిలో పెట్టాను. చీటీ రాశాను. ఎక్కడ: బొగ్గు గని లోపల, వెలుతురు లేని చోట. దేనిమీద: పైకప్పుకు ఆనించిన పాత కర్ర దుంగ. సేకరించినవారు: అంద్రెయ. జాతి పేరు దగ్గర ఖాళీ వదిలాను. పేరు తెలియకపోతే ఖాళీ వదలాలి, పారేయకూడదు. క్లాసులో మొదటి రోజు చెప్పే పాఠం అది.

జైపాల్ సార్ వచ్చి తొంగి చూశాడు. "గిదేంది, అల్లం కొమ్ము లెక్కున్నది? దీనికి షో లేదు గదా."

"లేదు సార్. దీన్ని మాత్రం ముట్టుకోకండి."

నా మొహంలో ఏం చూశాడో, బ్రష్ సంగతి ఎత్తలేదు.

ఏప్రిల్ 2, బుధవారం

అమ్మ పప్పు పోపు వేస్తుంటే పక్కనే నిలబడ్డాను. ఆవాలు, జీలకర్ర, వెల్లుల్లి. మిరపకాయల డబ్బా పైఅరలో ఉంది. దానిమీద దుమ్ము కూడా పట్టింది.

"అమ్మా, మిరపకాయ?"

"ఆ ఘాటుకు ఆయనకు తట్టుకునుడు..." అని నాలుక కరుచుకుంది. "అంటే, యాక్టింగ్ చేసి చేసి అలిసిపోయిండు గదా, గొంతు గీరుకపోతదని."

నేను ఆమెను చూశాను. ఆమె మూకుడును చూస్తోంది. వెల్లుల్లి మాడింది.

"ఎప్పటినుంచి తెలుసు?"

"మంచం మీద పక్కకు పండేదాన్ని నేను. నాకు ఎర్కగాదా?" అంది. గొంతు పెంచకుండా, గరిట తిప్పుతూనే. "మీ బాపుకు చెప్పకు. నేను నవ్వుతాంటే ఆయనకు ధైర్యం. నాకు తెలిసిందని తెలిస్తే ఆ రోజే మంచాన పడ్తడు. నువ్వు తిట్టుకుంట ఉండు, నేను నవ్వుకుంట ఉంట. ఈస్టర్ దాంక అట్ల ఎల్లదీద్దాం."

జనవరి నుంచి నేను పప్పు గడ్డిలా ఉందని సణుగుతూనే ఉన్నాను. ఎమ్మెస్సీ బోటనీ! నా మీద నాకు కలిగినంత అసహ్యం ఈ ఊళ్ళో ఎవరి మీదా కలగలేదు, జైపాల్ సార్ మీద కూడా.

ఏప్రిల్ 13, మట్టల ఆదివారం

చర్చి నుంచి వచ్చాం. ఈస్టర్‌కు ఇంకా వారం ఉంది. బాపు మట్టతో సిలువ అల్లి తలుపుకు గుచ్చాడు. అది కూడా కూర్చుని, మధ్యలో ఆగి ఆగి.

లింగమూర్తి కాక కొత్త శిష్యుణ్ణి వెంటబెట్టుకుని వచ్చాడు. సదయ్య అట, పక్క గనిలో పనిచేస్తాడు, ఏనుగులా ఉన్నాడు. వచ్చే నెల బోర్డుకు పోతాడట.

"గిదిగో సదయ్యా, మా గురువు. గురువు అంటే నేను గాదు, ఇగ ఈయినే. అంద్రెయా, ఒక్కసారి చూపెట్టు మనోనికి. గని దగ్గు ఎట్లుంటదో."

బాపు వద్దన్నట్టు చెయ్యి ఊపాడు. ఊపుతుండగానే వచ్చింది. ఈసారి చాలాసేపు వచ్చింది. మెడ నరాలు తేలాయి, గద్దె అంచు పట్టుకున్న వేళ్ళు తెల్లబడ్డాయి. సదయ్య నోరు తెరిచి చూస్తున్నాడు. కాక తొడ చరిచి "చూసినవా, గట్ల లోపల్నించి రావాలె!" అంటున్నాడు. అమ్మ గుమ్మంలో నిలబడి నవ్వుతోంది, కొంగుతో కళ్ళు తుడుచుకుంటోంది. బాపు దగ్గుతూనే ముందు అమ్మను చూశాడు, ఆమె నవ్వుతోందా అని. తర్వాత నన్ను చూశాడు.

నేను ఆలస్యం చేశాను. అమ్మ కూడా నా వైపు చూసింది.

"ఇగ బందు చెయ్యి బాపూ!" అని అరిచాను. "బోర్డు అయిపోయి నెల దాటింది! సిగ్గు లేదా నీకు? ఊరందరికీ ట్యూషన్ చెప్తావా? రేపు నేను డ్యూటీకి పోతే 'దొంగ దగ్గు అంద్రెయ బిడ్డ' అని పిలుస్తరు నన్ను!"

అందరూ పగలబడి నవ్వారు. అమ్మ అందరికంటే గట్టిగా నవ్వింది. కాక "గీ పోరికి బాపు కన్న నోరెక్కువ" అన్నాడు. బాపుకు మెల్లగా ఊపిరి కుదిరింది. నేను మంచినీళ్ళ గ్లాసు ఆయన చేతిలో కుక్కినట్టు పెట్టాను.

గ్లాసు తీసుకుంటూ నాకొక్కదానికే వినబడేలా అన్నాడు. "మంచిగ తిట్టినవ్ బిడ్డా. రేపు గూడ గిట్లనే."